నిజము చెప్పు హెడ్‌ఫోను

మా కేంద్రమునకు వచ్చు ఉత్తరములలో కార్యక్రమములను గూర్చిన మాటలతోపాటు ఈ మధ్య ఒక ప్రశ్న కూడ తరచుగా కనిపించుచున్నది. ఇంటివద్ద పాటయో మాటయో రికార్డు చేసికొనుటకును, తీరిక వేళ సంగీతము వినుటకును, చెవులను పూర్తిగా కప్పు హెడ్‌ఫోనులలో ఎట్టివి కొనవలెనని ఆ ప్రశ్న. అడుగువారు పలు తెరగులవారు. సంగీతపు పాఠములు చెప్పుకొను ఉపాధ్యాయినులు, విదేశములందున్న మనుమలకు కథలు చెప్పి పంపు తాతలు, అమ్మమ్మ నోట మిగిలియున్న పెండ్లిపాటలను, మంగళహారతులను భద్రపరచదలచిన యువతీయువకులు, ఇట్లు ఎందరో. ఒకప్పుడు రికార్డింగు అనగా స్టూడియో, ఇంజనీరు, బల్లయంత టేపు యంత్రము. నేడు జేబులోని ఫోను, వ్రేలెడంత మైకు చాలును. యంత్రము చిన్నదైనది గాని పని చిన్నది కాలేదు. ఆ పనిలో హెడ్‌ఫోను పాత్ర ఎట్టిదో తెలిసినచో, ఏది కొనవలెనను ప్రశ్నకు సగము జవాబు దొరకినట్లే.

రేడియో వినుట మొదలైనదే హెడ్‌ఫోనుతో. అమెరికాలోని యూటా రాష్ట్రవాసి నథానియేల్ బాల్డ్విన్ ఇంటిలోనే తయారుచేసిన హెడ్‌ఫోనులను 1910లో ఆ దేశపు నౌకాదళము కొనినది. 1920వ దశకమున క్రిస్టల్ సెట్టు వాడినవారికి లౌడుస్పీకరు లేదు. ఆ సెట్టుకు బ్యాటరీ గాని కరెంటు గాని అక్కరలేదు; ఏరియలునకు అందిన సన్నని శక్తియే హెడ్‌ఫోనును పలికించెడిది. ఒక్కరు మాత్రమే వినగలుగుటచే, హెడ్‌ఫోనును ఒక గిన్నెలో ఉంచి, ఆ గిన్నె చుట్టును చేరి ఇంటిల్లిపాదియు చెవులొగ్గి వినెడివారు. తరువాత వాల్వు సెట్లు, లౌడుస్పీకర్లు వచ్చినవి. హెడ్‌ఫోను ఇంటినుండి సెలవు తీసికొని స్టూడియోలో ఇంజనీరు తలపై స్థిరపడినది. 1937లో జర్మనీలో బెయర్ సంస్థ డి.టి. 48 అను డైనమిక్ హెడ్‌ఫోనును వెలువరించినది. 1958లో అమెరికాలో జాన్ కాస్ స్టీరియో సంగీతము వినుటకని ప్రత్యేకముగా ఒకటి తయారుచేసి, హెడ్‌ఫోనును మరల ఇంటికి తోడ్కొనివచ్చెను. 1968లో సెన్‌హైజర్ సంస్థవారి హెచ్.డి. 414, వెనుకభాగము తెరచియుంచిన హెడ్‌ఫోనులకు దారి తీసినది. 1979లో సోనీవారి వాక్‌మన్‌తో హెడ్‌ఫోను వీధిలోనికి కూడ వచ్చినది.

ఈ కథను చెప్పుటలో మాకొక ప్రయోజనమున్నది. ఇంజనీరు హెడ్‌ఫోను పెట్టుకొనునది తప్పు పట్టుటకు. శ్రోత పెట్టుకొనునది ఆనందించుటకు. ఈ రెండును ఒక్కటి కావు. ముఖప్రీతికి మాటలాడు స్నేహితుడును, ఉన్నదున్నట్లు చెప్పు స్నేహితుడును వేరైనట్లే, వినువారిని మెప్పించు హెడ్‌ఫోనును, నిజము చెప్పు హెడ్‌ఫోనును వేరు. ఇంట రికార్డింగు చేయదలచినవారికి కావలసినది రెండవది. బజారులో కొట్టవచ్చినట్లు కనబడునది మాత్రము మొదటిది.

ముందుగా నిర్మాణమును గమనింతము. చెవిమీద ఆనెడివి కొన్ని. చెవిని తమలో ఇముడ్చుకొని చుట్టును తలకు ఆనెడివి కొన్ని. మేము చెప్పుచున్నవి రెండవ తెగవి. వీనివలన చెవికి ఒత్తిడి తక్కువ. ఒక గంట పెట్టుకొనినను నొప్పి కలుగదు. వీనిలో మరల రెండు జాతులు కలవు. మూసినవానిలో గిన్నె వెనుకభాగము గట్టిగా ఉండును. లోపలి ధ్వని బయటికి, బయటి ధ్వని లోనికి పోవుట తక్కువ. తెరచినవానిలో వెనుకవైపు జల్లెడవలె రంధ్రములుండును. ధ్వని అటునిటు పోవుచుండును. ఈ రెంటికి నడుమ సగము తెరచినవి కూడ కలవు. ఆస్ట్రియాలో పుట్టిన ఎ.కె.జి. సంస్థవారి కె. 240 ఆ మధ్యతరగతికి చెందినది.

రికార్డింగునకు మూసినదే కావలెను. కారణము వివరింతుము. ఒకరు పాడుచున్నారు, మైకు పెదవులకు జానెడు దూరమున ఉన్నది. తాళము తప్పకుండుటకై హెడ్‌ఫోనులో తాళపు టిక్కుటిక్కుమను సవ్వడి, శ్రుతికై తంబురా వినబడుచున్నవి. తెరచిన హెడ్‌ఫోనైనచో ఆ సవ్వడి బయటికి వచ్చి మైకులో పడును. పాట ముగిసిన తరువాత విన్నచో, గాయని ఊపిరి తీసిన ప్రతి చోటను ఆ టిక్కు వినబడును. పాటలో కలసిన ధ్వనిని వేరుచేయుట మజ్జిగలో కలసిన నీటిని వేరుచేయుటవంటిది. నేటి సాఫ్ట్‌వేరులు దానిని కొంత తగ్గింపగలవు. కాని మరకతోపాటు బట్టరంగును గూడ కొంత పోగొట్టును. అందుచే ముందే అడ్డుకొనుట మేలు.

అయితే మూసిన హెడ్‌ఫోనుతో గాయకులకు ఒక చిక్కు కలదు. రెండు చెవులును మూసికొని మాటలాడి చూడుడు. మన గొంతు మనకే కుండలో పలికినట్లు గంభీరముగా వినబడును. ఎముకల ద్వారా చెవికి చేరిన ధ్వని బయటికి పోవుటకు దారిలేక లోపలనే నిలుచుటయే దీనికి కారణము. ఈ హోరులో శ్రుతి పట్టుట కష్టము. అందుచే అనుభవజ్ఞులైన గాయకులు ఒక చెవిపై గిన్నెను కొంచెము వెనుకకు జరుపుకొని, ఆ చెవితో తమ గొంతును నేరుగా విందురు. అట్లు జరిపిన గిన్నెను తలకు ఆనించియే ఉంచవలెను. గాలిలో వ్రేలాడవిడిచినచో మూసిన హెడ్‌ఫోను కాస్త తెరచినదే యగును.

ఇక వినుటకు, చేసిన రికార్డింగును తీరికగా సరిచూచుకొనుటకు తెరచిన జాతి హాయి. అందులో సంగీతము తలలో ఇరుకుకొనినట్లుగాక, ఎదుట కొంత విశాలమున పరచుకొనినట్లుండును. చెవికి గాలి తగులును. సెన్‌హైజర్ హెచ్.డి. 600, బెయర్‌డైనమిక్ డి.టి. 990 ఈ కోవకు చెందినవి. కాని మన ఇండ్ల సంగతి మరువరాదు. పైన పంకా, ప్రక్కగదిలో కుక్కరు కూతలు, వీధిలో ఆటోల రొద. ఇవన్నియు తెరచిన హెడ్‌ఫోనులోనికి స్వేచ్ఛగా ప్రవేశించును. రాత్రివేళ ప్రక్కన పడుకొనినవారికి మన సంగీతము నిద్రాభంగమగును. కావున రెండు కొనగలవారు రెండును కొనవచ్చును. ఒక్కటే కొనువారు మూసినదే కొనుట యుక్తము. దానితో రికార్డింగును చేయవచ్చును, సంగీతమును వినవచ్చును. తెరచినదానితో వినుట బాగుండును గాని, తాళము వినుచు పాడి రికార్డు చేయుట కుదురదు.

అంగడిలో నిజము చెప్పు హెడ్‌ఫోనును గుర్తించుట ఎట్లు? పెట్టెపై ముద్రించిన అంకెలు ఇందులకు సాయపడవు. 5 హెర్ట్జ్‌లు మొదలు 35 వేల హెర్ట్జ్‌ల వరకు పలుకునని కొన్నింటిపై వ్రాసియుండును. మనుష్యుని చెవి వినగలుగునది 20 మొదలు 20 వేల వరకే; వయస్సు పెరిగినకొలది ఆ పైహద్దు తగ్గును. పలుకు హద్దులకంటె, ఆ హద్దుల నడుమ దేనిని పెంచక, దేనిని తుంచక పలుకుటయే ముఖ్యము.

మేము సూచించు పరీక్ష తేలికైనది. ఇంటిలోని వారెవరైనను వార్తాపత్రిక చదువగా రెండు నిమిషములు రికార్డు చేసి ఫోనులో ఉంచుకొనుడు. వారినే వెంటబెట్టుకొని అంగడికి పొండు. హెడ్‌ఫోనులో ఆ చదువు విని, వెంటనే దానిని తీసి, వారిచేత నాలుగు మాటలు పలికించి పోల్చి చూడుడు. ఉన్నదానికంటె గొంతు బరువుగా, గుమ్మటములో పలికినట్లున్నచో ఆ హెడ్‌ఫోను మంద్రధ్వనులను పెంచి చెప్పుచున్నది. స, శ, ష అను అక్షరములు ఈలవలె చెవిని గ్రుచ్చినచో తారధ్వనులను పెంచుచున్నది. ఆ మూడక్షరముల భేదమే స్పష్టపడకున్నచో తారధ్వనులను మ్రింగుచున్నది. ప, భ అను అక్షరముల వద్ద మైకుపై పడిన ఊపిరి దెబ్బ వినబడవలెను. వినబడకున్నచో అది మీ తప్పును దాచుచున్నది.

సంగీతమెరిగినవారు తంబురాతో కూడ పరీక్షింపవచ్చును. బాగుగా శ్రుతిచేసిన తంబురాలో ఏ తీగయు గాంధారమునకు కట్టబడదు. అయినను షడ్జపు తీగ నాదమునుండి గాంధారము తనంతట తాను పొడకట్టును. మంచి హెడ్‌ఫోనులో అది వెదకకయే వినబడును. మృదంగములో తొప్పివైపు గంభీరనాదమును, కుడివైపు శ్రుతితో కలసిన నాదమును విడివిడిగా వినబడవలెను. తొప్పి ఒక్కటే గదియంతయు నిండినట్లున్నచో అది వినోదమునకు పనికివచ్చును గాని పరిశీలనకు పనికిరాదు. అట్టి హెడ్‌ఫోనుతో రికార్డింగును సరిదిద్దినవారు మంద్రము ఎక్కువైనదని భ్రమించి తగ్గింతురు. తీరా ఇతరులు విన్నప్పుడు గొంతు పలుచబడి, రేకుడబ్బాలో పలికినట్లుండును.

తీగ ఉన్నది మేలా, లేనిది మేలా అనునది మరొక ప్రశ్న. నడచుచు వార్తలు వినుటకు, వంట చేయుచు పాటలు వినుటకు తీగలేని బ్లూటూత్ హెడ్‌ఫోను ఎంతో సౌకర్యము. రికార్డింగునకు మాత్రము అది తగదు. ధ్వనిని కుదించి, గాలిలో పంపి, మరల విప్పుటకు దానికి కొంత వ్యవధి పట్టును. సాధారణముగా ఆ ఆలస్యము సెకనులో పదవవంతు మొదలు నాల్గవవంతు వరకు ఉండును. క్రొత్త పద్ధతులు కొన్నింటిలో తగ్గినను పూర్తిగా పోదు. సెకనులో ఐదవవంతు ఆలస్యమనుకొందము. ధ్వని గాలిలో సెకనునకు సుమారు 340 మీటర్లు పోవును గనుక, 68 మీటర్ల దూరమున కూర్చున్న మృదంగ విద్వాంసునితో కలసి పాడుటకు యత్నించినట్లగును. ఎంతటి లయజ్ఞానికైనను అది సాధ్యము కాదు. పైగా బ్లూటూత్ హెడ్‌ఫోనుకు అమర్చిన మైకునే వాడినచో, పలు సందర్భములలో ధ్వని టెలిఫోను మాట స్థాయికి దిగిపోవును. కావున పాడువారికి తీగయే శరణ్యము. నేటి ఫోనులలో పెక్కింటికి హెడ్‌ఫోను రంధ్రము లేదు, అట్టివారు యు.ఎస్.బి. రంధ్రమునకు తగిలించు చిన్న అడాప్టరు కొనుక్కొనవలెను. మైకును కంప్యూటరుకు కలుపు ఆడియో ఇంటర్‌ఫేసు ఉన్నవారు, అందలి డైరెక్ట్ మానిటరింగ్ మీటను వేసికొనినచో తమ గొంతు కంప్యూటరు చుట్టు తిరిగిరాకుండ నేరుగా చెవికి చేరును.

పెట్టెమీది అంకెలలో నిజముగా చూడవలసినదొకటి కలదు. అది ఓముల సంఖ్య. విద్యుత్తునకు హెడ్‌ఫోను కలిగించు అడ్డును అది తెల్పును. ఫోనుకు తగిలించువారికి 32 మొదలు 80 ఓముల లోపువి సాధారణముగా చాలినంత బిగ్గరగా పలుకును. 250, 300 ఓములవి ఫోనులో నీరసముగా పలుకును. వానికి ప్రత్యేక యాంప్లిఫయరు గాని, బలమైన ఇంటర్‌ఫేసు గాని ఉండవలెను. 1991 నుండి స్టూడియోలలో వాడుకలోనున్న సోనీ ఎం.డి.ఆర్. 7506 ఓముల సంఖ్య 63. ఆడియో టెక్నికా ఎం. 50 ఎక్స్‌ది 38. బెయర్‌డైనమిక్ డి.టి. 770 ప్రో 32, 80, 250 అను మూడు రూపములలో వచ్చినది. పేరొక్కటే గదా యని 250 ఓములది కొని ఫోనుకు తగిలించినచో నిరాశ తప్పదు. ఈ మూడును మూసిన జాతివే. ముందు చెప్పిన హెచ్.డి. 600కు 300 ఓములు. ఈ పేర్లను ఉదాహరణకై చెప్పితిమి గాని, ఇవియే కొనవలెనని కాదు. పేరుగాంచినవానికి నకళ్లు కూడ పుట్టును గనుక నమ్మకమైనచోట, రసీదుతో కొనుట మంచిది.

ధరించుటలోని సుఖము చిన్న విషయముగా తోచును గాని చిన్నది కాదు. మన ఎండలలో కృత్రిమ తోలు మెత్తలు చెమటపట్టును. కాలక్రమమున పొట్టు రాలును. గుడ్డ మెత్తలు చల్లగా నుండును గాని బయటి ధ్వనిని కొంత రానిచ్చును. ఏవైనను, మెత్తలు విడిగా దొరకునా, తీగ ఊడదీసి మార్చుటకు వీలున్నదా యని కొనకముందే విచారింపవలెను. పదేండ్లు మన్నవలసిన వస్తువు తీగ తెగినంతనే మూలబడుట విచారకరము. కండ్లజోడు కాడలు మెత్తకును తలకును నడుమ సందు చేయును. ఆ సందున మంద్రధ్వని జారిపోవును. కావున కండ్లజోడు పెట్టుకొనువారు దానితోనే పరీక్షించి చూడవలెను. జూకాలు, బుట్టలు ధరించిన స్త్రీలు రికార్డింగు వేళకు వానిని తీసియుంచుట మేలు. అవి గిన్నెలో నొక్కుకొని బాధించుటే గాక, గిన్నె బయట కదలినచో వాని గలగల మైకులో పడును. గాజుల సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

చెవిని గూర్చి కూడ ఒక మాట. ఒక్కొక్క చెవిలో ధ్వనిని గ్రహించు సూక్ష్మకణములు సుమారు 15 వేలు మాత్రమే. అవి నశించినచో మరల మొలవవు. పెద్దవారు 80 డెసిబెల్‌ల ధ్వనిని వారమునకు 40 గంటలు, పిల్లలు 75 డెసిబెల్‌ల ధ్వనిని అంతే కాలము మించి వినరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ధ్వని మూడు డెసిబెల్‌లు పెరిగినప్పుడెల్ల ఆ కాలము సగమగును. 90 డెసిబెల్‌ల వద్ద పెద్దవారికి వారమునకు 4 గంటలే మిగులును. వీధిరొదను మించి వినవలెనని ధ్వనిని పెంచుటయే చాలమంది చేయు పొరపాటు. మూసిన హెడ్‌ఫోను రొదను ఆపును గనుక, తక్కువ ధ్వనితోనే తృప్తిగా వినవచ్చును. తీసిన తరువాత చెవిలో హోరు వినబడినచో అది హెచ్చరిక యని గ్రహింపవలెను.

ఇక అసలు పని. అమ్మమ్మ పాట రికార్డు చేయు రోజున హెడ్‌ఫోను ఉండవలసినది అమ్మమ్మ తలపై కాదు. రికార్డు చేయువారి తలపై. ఆమెకు తాళపు టిక్కు అక్కరలేదు. ఆమె లయ ఆమెకున్నది. మైకు పెట్టి, ఆమె పాడకముందు ఒక నిమిషము ఎవ్వరును మాటలాడక హెడ్‌ఫోనులో ఆ నిశ్శబ్దమును వినుడు. గదిలో కూర్చున్నవారికి స్ఫురింపని ధ్వనులెన్నో అప్పుడు వినబడును. మన దేశపు విద్యుత్తు సెకనునకు 50 సార్లు ఊగును; ఫ్రిజ్జు, ట్యూబులైటు, సరిగా కలుపని తీగలు 50, 100 హెర్ట్జ్‌ల జుమ్మనునాదమును చేయుచుండును. ఫోనునకు ఉన్న చిన్న స్పీకరు అంతటి మంద్రధ్వనిని పలుకజాలదు. అందుచే ఫోనులో విని బాగున్నదనుకొన్న పాటలో ఆ జుమ్మనుట దాగియే ఉండును. ఏడాది తరువాత మంచి స్పీకరులో విన్ననాడు బయటపడును. నాటికి పాడినవారు ఉందురో లేదో!

కావున ఆ నిమిషములోనే పంకా ఆపుడు; ఫ్రిజ్జును కొంతసేపు కట్టివేయుడు; ఫోనును విమానపు స్థితిలో పెట్టుడు; కిటికీ మూయుడు. మొదట ఒక చరణము మాత్రమే పాడించి, అక్కడనే హెడ్‌ఫోనుతో వినుడు. పైస్థాయిలో గొంతు పగిలినట్లున్నచో మైకు గ్రహణశక్తిని తగ్గింపుడు. ఊపిరి దెబ్బ తగిలినచో మైకును నోటికి ఎదురుగాగాక కొంచెము ప్రక్కకు జరుపుడు. అటుపిమ్మట పూర్తిపాట పాడింపుడు. ముగిసిన వెంటనే ఆమెను లేవనీయక మొదటినుండి చివరివరకు వినుడు. లోపమున్నచో మరల పాడుమని అప్పుడే అడుగవచ్చును. అలసియున్నచో కాఫీ ఇచ్చి అడుగవచ్చును. మరునాడు అడుగుట వేరు.

పెద్దలు ఎరిగిన పాటలలో కాగితమెక్కనివి మన ఇండ్లలో ఇంకను ఎన్నో కలవు. వాని వరుస వ్రాతలో నిలువదు; గొంతులోనే నిలుచును. అట్టి పనికి పూనుకొనినవారికి ఖరీదైన యంత్రములు లేకున్నను కొరతలేదు. మూసిన గిన్నెలు, ఒక తీగ, చెవికి ఒదుగు మెత్తలు, ఉన్నదున్నట్లు చెప్పు గుణము గల ఒక హెడ్‌ఫోను చాలును. దానిని పెట్టుకొని విన్న తరువాతనే ఆ పెద్దామెను లేచి వెళ్లనీయుడు.